సంపాదించే మనిషి పోయిన ఇంటికి ఏ సాయం ముందు, ఏది తరువాత

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్లలో సంపాదించే మనిషి ఉన్నట్టుండి చనిపోతే, దినాలు ముగిసే నాటికి ఆ ఇంటికి సలహాలు చెప్పేవారికి కొదవ ఉండదు. పింఛనుకు పెట్టుకోమని ఒకరు, పిల్లలను హాస్టల్లో వేయమని ఒకరు, ఎమ్మెల్యే దగ్గరకు పోదామని ఇంకొకరు చెబుతారు. రోజువారీ వసూలు మీద అప్పిచ్చే గిరిగిరి ఫైనాన్స్ మనిషి మాత్రం సలహా చెప్పడు, డబ్బే తెచ్చి చేతిలో పెడతాడు. అందుకే చాలా ఇళ్లకు మొదట అందే సాయం అదే అవుతుంది, అన్నిటికంటే ఖరీదైనదీ అదే అవుతుంది. ప్రభుత్వ పథకాల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి కానీ, ఒకే ఇంటికి నాలుగైదు దారులు తెరిచి ఉన్నప్పుడు దేనిని ముందు పట్టుకోవాలో, దేనిని ఆపి ఉంచాలో చెప్పేవారు తక్కువ. ఆ లోటు కొంతైనా తీర్చడానికే ఈ పోలిక.

పోల్చడానికి మూడు విషయాలు చూశాను. ఆ సాయం ఎన్నాళ్లకు చేతికి వస్తుంది, తిరిగి కట్టవలసినదా కాదా, బదులుగా ఇంటి నుంచి దేనిని తీసుకుపోతుంది. మూడోదానిని మనవారు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. కొన్ని సాయాలు వడ్డీ తీసుకుంటాయి, కొన్ని కూలి రోజులను తింటాయి, కొన్ని పిల్లలనే ఇంటి నుంచి దూరం చేస్తాయి. ఈ మూడింటినీ కలిపి చూస్తే నాకు తోచిన వరుస ఇది: ఆలస్యమైతే జారిపోయే హక్కులు మొదట, నెలనెలా వచ్చేవి తరువాత, అప్పు ఆ తరువాత, పిల్లలను ఇంటికి దూరం చేసే ఏర్పాటు అన్నిటికంటే చివర.

దారులను పోల్చడానికి ముందు ఒక చిన్న హెచ్చరిక. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వేరు జిల్లా అయింది. అయినా మక్తల్ మనిషిని మహబూబ్‌నగర్ కలెక్టరేట్‌కు, కోదాడ మనిషిని నల్లగొండకు పొమ్మని చెప్పేవారు నేటికీ ఉన్నారు. అలా ఒక రోజు కూలి పోగొట్టుకుని తిరిగి వచ్చిన ఇల్లాలు రెండోసారి బయలుదేరడానికి జంకుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేకపోవడం వల్ల ఛార్జీ మిగులుతున్నది కానీ కూలి మిగలదు కదా.

ఒక్కసారి వచ్చే డబ్బు

ముందుగా కాగితం సంగతి, ఎందుకంటే కింద చెప్పే ప్రతి దారికీ అదే గడప. మరణాన్ని 21 రోజుల లోపల పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ నమోదు చేయిస్తే రుసుము ఉండదు, పై అధికారుల అనుమతులూ అక్కరలేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవలసి వస్తుంది. రెండో కాగితం ఇంకా కష్టమైనది. పొలం దగ్గర మోటారు షాక్ కొట్టి గానీ, పాము కరిచి గానీ, తాటిచెట్టు పైనుంచి పడి గానీ మనిషి పోయినప్పుడు, కోత పెట్టవద్దని ఏడ్చే తల్లిదండ్రుల మాట కాదనలేక పోలీసు ఫిర్యాదు, పంచనామా, పోస్టుమార్టం లేకుండానే దహనం చేసే ఇళ్లు ఉన్నాయి. ఆ బాధను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ప్రమాద బీమాలకూ, గీత కార్మికులకు ఉన్న ప్రత్యేక పరిహారానికీ ఆ మూడు కాగితాలే మూలం కాబట్టి, ఆ సమయంలో పక్కన నిలబడిన చదువుకున్న బంధువు ఎవరైనా మెల్లగా ఆ మాట చెప్పగలిగితే అంతకంటే పెద్ద సాయం లేదు.

ఇక పోలిక. చనిపోయిన వ్యక్తి పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉండి, వయసు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి, రైతు బీమాలో పేరు నమోదై ఉంటే, 2018 ఆగస్టు నుంచి అమలులో ఉన్న ఆ పథకం కింద నామినీకి ఐదు లక్షల రూపాయలు వస్తాయి. మరణానికి కారణం ఏదైనా పరవాలేదు. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. కాగితాలు ఊరి క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి, అంటే ఏఈవో, తీసుకుంటారు. ఇన్ని దారుల్లో ఇంత త్వరగా, ఇంత తక్కువ తిరుగుడుతో ఇంత మొత్తం వచ్చేది మరొకటి లేదు. దాని లోపమల్లా అది భూమి కాగితాన్ని చూస్తుంది తప్ప చెమటను చూడకపోవడమే. కౌలుకు దున్నినవాడికి రాదు. తండ్రి చనిపోయినా పట్టా మార్పించుకోకుండా అదే భూమిని దున్నుకుంటున్న కొడుకుకూ రాదు. విరాసత్, అంటే వారసుల పేరున పట్టా మార్పు, చేయించుకోవడాన్ని వాయిదా వేసే ఇళ్లు ఈ ఒక్క కారణం చేతనైనా ఆ పని ముగించుకోవడం మంచిది. నామినీగా రాసిన వ్యక్తి బతికి ఉన్నారా, మైనరా అన్నది కూడా బతికుండగానే చూసుకోవలసిన విషయం.

భూమి లేని ఇంట్లో వెతకవలసిన మొదటి చోటు బ్యాంకు పాసుపుస్తకం. ఏడాదికి ఒకసారి 436 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు కోత పడి ఉంటే సురక్షా బీమా. మొదటిది ఏ మరణానికైనా, రెండవది ప్రమాద మరణానికి, చెరి రెండు లక్షలు ఇస్తాయి. ఖాతా తెరిచిన రోజున బ్యాంకు మిత్ర చెప్పిన చోటల్లా వేలిముద్ర వేసి మరచిపోయినవారు చాలామంది. ఇంట్లో వారికి ఆ సంగతే తెలియదు. పాసుపుస్తకం ప్రింటు వేయించి, మే చివర, జూన్ మొదట్లో పడిన కోతలను చూస్తే తేలిపోతుంది. నా అభిప్రాయంలో దినాలు కాగానే చేయవలసిన మొదటి పని ఇదే, ఎందుకంటే దీనికి ఎవరి సిఫారసూ అక్కరలేదు.

పాలమూరు వైపు నుంచి హైదరాబాదుకు మేస్త్రీ పనికి, మట్టిపనికి పోయిన మనిషి అయితే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు ఉందేమో చూడాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ముందటి పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు ఇందులో సభ్యులు కావచ్చు. సహజ మరణానికీ ప్రమాదానికీ వేర్వేరు మొత్తాలు ఉంటాయి, కూతుళ్ల పెళ్లికీ కాన్పుకూ కూడా సాయం ఉంటుంది. రైతు బీమాతో పోలిస్తే దీని ఇబ్బంది ఏమిటంటే, రెన్యువల్ తప్పితే సభ్యత్వం చెల్లదు. పైగా కార్డు ఏ నగరంలో తీశారో ఆ లేబర్ ఆఫీసు చుట్టూ తిరగవలసి రావచ్చు. పనికి పోయినవారు కార్డును గుడిసెలో కాకుండా ఊళ్లోని ఇంట్లో పెట్టి, ఫోనులో ఒక ఫొటో ఉంచుకోవడం తెలివైన పని.

పై వాటిలో ఏదీ లేని ఇంటికి మిగిలేది జాతీయ కుటుంబ ప్రయోజన పథకం. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న ఇంట్లో 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న ముఖ్య సంపాదనపరులు పోతే, ఏ కారణం చేతనైనా సరే, ఒకేసారి 20 వేల రూపాయలు ఇస్తారు. దరఖాస్తు తహసీల్దారు కార్యాలయంలో. మొత్తం చిన్నది, రావడం కూడా నిదానమే. అయినా బీమా ఏదీ లేని కూలి ఇంటికి ఉన్న ఒకే ఒక్క దారి ఇది కాబట్టి చిన్నచూపు చూడకూడదు. ఈ దారుల్లో ఒకటి ఎంచుకుంటే రెండోది పోతుందన్న భయం చాలామందిలో కనిపిస్తుంది. బీమా ఒప్పందాలు వేటికవే. రైతు బీమా వచ్చినంత మాత్రాన బ్యాంకు బీమా ఆగదు.

పోయింది భర్త కాక భార్య అయితే, ఆమె మహిళా సంఘం సభ్యురాలేమో చూడాలి. సంఘం సభ్యులకు ప్రమాద బీమా, మరణిస్తే రుణ మాఫీ బీమా 2024లో ప్రకటించారు. సంఘం లీడరుకు, గ్రామ సంఘం లెక్కలు చూసే వీవోఏకు వెంటనే చెప్పాలి. చనిపోయిన సభ్యురాలి అప్పును ఇంటివాళ్లు ఎవరూ అడగకముందే కట్టడం మొదలుపెట్టే మర్యాద మన ఊళ్లలో ఉంది, అది మంచిదే కానీ బీమా సంగతి తేలేదాకా ఆగవచ్చు.

నెలనెలా వచ్చేది

2014 నవంబరులో ఆసరా పేరుతో మొదలైనప్పుడు వెయ్యి రూపాయలుగా ఉన్న వితంతు, వృద్ధాప్య పింఛన్లు 2019లో 2,016 రూపాయలు అయ్యాయి. దివ్యాంగుల పింఛను 1,500తో మొదలై 3,016 మీదుగా 2023లో 4,016కు చేరింది. ఒకే మనిషికి రెండు పింఛన్లు ఇవ్వరు. అందుచేత ఏ పేరుతో అడగాలన్నది నిజమైన ఎంపిక. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిన, కీళ్లు బిగిసిన నడివయసు స్త్రీ భర్తను పోగొట్టుకుంటే, ఊళ్లో వారు అలవాటుగా వితంతు పింఛను ఫారమే నింపిస్తారు. ఆమెకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు వైద్య బోర్డు ధ్రువీకరిస్తే దివ్యాంగుల పింఛనుకు అర్హురాలు. నెలకు రెండు వేల తేడా అంటే ఏడాదికి 24 వేలు. ఆ ధ్రువపత్రం తెచ్చుకోవడం తేలిక కాదు, శిబిరం తేదీ దొరకాలి, జిల్లా ఆసుపత్రిలో రోజంతా కూర్చోవాలి. అయినా ఆ ఒక్క రోజుకు జీవితాంతం విలువ ఉంటుంది కాబట్టి నేను ఆ దారినే సూచిస్తాను. బోర్డు శాతం తక్కువ వేస్తే అప్పుడు వితంతు పింఛను ఎలాగూ ఉంది.

వృద్ధాప్య పింఛను తీసుకుంటున్న భర్త పోతే, ఆ స్థానంలో భార్యకు ఇచ్చే ఏర్పాటు వేరే ఉంది. మరణ ధ్రువపత్రం, ఆధార్ పంచాయతీ కార్యదర్శికి ఇస్తే చాలు. కొత్త దరఖాస్తుతో పోలిస్తే ఇది త్వరగా అవుతుంది. పూర్తిగా కొత్త పింఛను మంజూరుకు మాత్రం చాలాకాలం పట్టవచ్చు. దానిని నమ్ముకుని అప్పు చేయడం, వచ్చే నెల నుంచి వస్తుందన్న మాట మీద కిరాణా ఖాతా పెంచుకోవడం వద్దు.

రేషను కార్డు సంగతి రెండు మాటల్లో చెప్పి ముగిస్తాను. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం కింద మనిషికి ఆరు కిలోలు వస్తున్నాయి. పనికి వలస పోయినవారు అక్కడి షాపులోనే తమ బియ్యం తీసుకోవచ్చు, అందుకోసం ఊరికి రావలసిన పని లేదు.

పిల్లల విషయంలో

ఈ పోలికలో నేను ఎక్కువసేపు నిలవదలచిన చోటు ఇదే. తండ్రి పోయిన ఇంట్లో బంధువుల నోట వచ్చే మొదటి మాట "పిల్లలను ఎక్కడన్నా వెయ్యాలె" అన్నది. ఆ ఎక్కడన్నా అన్న మాటలో గురుకులం, కస్తూర్బా విద్యాలయం, సంక్షేమ వసతి గృహం, బాలసదన్, ఎవరో నడిపే అనాథాశ్రమం అన్నీ ఒకటే అన్న భావం ఉంది. అవి ఒకటి కావు.

గురుకులం చదువు కోసం ఎంచుకునేది. 1971లో పాత నల్లగొండ జిల్లాలోని సర్వేలులో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో మొదలైన తొలి గురుకులం నుంచి నేటి దాకా దాని స్వభావం అదే. ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష ఉంటుంది, పరీక్ష ఏడాదికి ఒకసారే. ఆగస్టులో తండ్రి పోయిన పిల్లవాడికి సెప్టెంబరులో గురుకులం దారి తెరుచుకోదు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం అలా కాదు. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు, అందులోనూ బడి మానేసినవారికి, అనాథలకు, తల్లో తండ్రో ఒక్కరే ఉన్నవారికి ముందు చోటు ఇస్తుంది, ప్రవేశ పరీక్ష లేదు. ఆడపిల్ల బడి మానే ప్రమాదం కనిపిస్తే కస్తూర్బాయే సరైన తలుపు. సంక్షేమ వసతి గృహంలో పిల్లవాడు పక్కనున్న ప్రభుత్వ బడికి పోయి చదువుకుంటాడు. మండల కేంద్రంలోనే ఉంటే ఆదివారం తల్లి పోయి చూసి రావచ్చు. గురుకులంలో చదువు మెరుగు, వసతి గృహంలో ఇల్లు దగ్గర. ఎనిమిదేళ్ల పిల్లవాడికి రెండోది, పన్నెండేళ్ల పిల్లకు మొదటిది మంచిదని నా లెక్క.

అయితే వీటన్నిటికీ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: పిల్లవాడు ఇంట్లోనే ఉండి చదువుకునే వీలు నిజంగా లేదా? కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అనే సాయం ఉంది. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినదైనా, పిల్లలు అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో పెరుగుతున్నా, ఆ పిల్లలకు నెలకు నాలుగు వేల రూపాయలు ఇచ్చే ఏర్పాటు అది. కుటుంబ వార్షికాదాయం పల్లెలో 72 వేలు, పట్టణంలో 96 వేలు దాటకూడదు, పిల్లవాడు బడికి పోతూ ఉండాలి. తల్లికి వచ్చే పింఛను కంటే పిల్లవాడికి వచ్చే ఈ సాయం దాదాపు రెట్టింపు అన్న సంగతి ఎంతమందికి తెలుసు? దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఇల్లు చూసి నివేదిక రాస్తారు, కమిటీ ఆమోదించాలి, నిధులను బట్టి నెలలు పట్టవచ్చు. హాస్టల్ అయితే రేపే చేర్చుకుంటారు, ఇది ఎప్పుడొస్తుందో తెలియదు అన్న కారణంతో తల్లులు దీనిని వదిలేస్తారు. నేనైతే దరఖాస్తు ఇచ్చి, అది తేలేదాకా పిల్లవాడిని ఊరి బడిలోనే ఉంచి, మధ్యాహ్న భోజనం, చిన్నవాళ్లకు అంగన్‌వాడీ, ఇంటికి రేషను బియ్యంతో నెట్టుకురమ్మని చెబుతాను.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ప్రైవేటు ఆశ్రమాల విషయంలో. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టరై ఉండాలి, పిల్లవాడిని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచి ఉత్తర్వు ద్వారానే చేర్చుకోవాలి. నేరుగా వ్యాను తెచ్చి, తెల్లకాగితం మీద తల్లి వేలిముద్ర తీసుకుని తీసుకుపోతామనే సంస్థ ఎంత మంచి మాటలు చెప్పినా నిరాకరించాలి. 1990ల చివర్లో దేవరకొండ ప్రాంతపు తండాల నుంచి పసి ఆడపిల్లలు దత్తత పేరిట చేతులు మారిన వ్యవహారం బయటపడి దేశమంతా చర్చ జరిగింది. మన ప్రాంతం ఆ సంగతిని మరచిపోకూడదు. పిల్లను పెంచలేని స్థితి నిజంగానే వస్తే, సంక్షేమ సమితి ముందే అప్పగించాలి. అప్పుడు మనసు మార్చుకోవడానికి తల్లికి చట్టం రెండు నెలల సమయం ఇస్తుంది. బయటి మనిషికి ఇచ్చిన బిడ్డ విషయంలో అలాంటి సమయం ఎవరూ ఇవ్వరు. పిల్లలకు ఆపద అనిపించిన ఏ క్షణంలోనైనా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు.

అప్పు తప్పనప్పుడు

పై సాయాలు వచ్చేలోపు ఇల్లు గడవాలి కాబట్టి అప్పు వద్దని చెప్పడం తేలిక, పాటించడం కష్టం. ఎంపిక ఎక్కడి అప్పు అన్నదే. ఒక లెక్క చూడండి. గిరిగిరిలో పదివేలు రాసి, ముందే కోసుకుని ఎనిమిదిన్నర వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారనుకుందాం. పదిహేను వందలే కదా వడ్డీ అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, సరిగ్గా లెక్క కడితే అది నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. ఊళ్లో ఆసామి దగ్గర నూటికి మూడు రూపాయలకు తెచ్చుకోవడమే దోపిడీ అనుకునే మనం, అంతకు మూడింతలకు పైగా ఉన్న దీనిని వంద రూపాయల చీటీలో గుర్తుపట్టలేకపోతున్నాం.

మహిళా సంఘం అప్పు దీనికి పూర్తిగా భిన్నమైనది. 1995లో ఐక్యరాజ్యసమితి సాయంతో పేదరిక నిర్మూలన ప్రయోగం జరిగిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2000లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లోనూ అది ఉంది. అందువల్ల పాలమూరులో సంఘం అంటే ఒక తరం ఆడవారికి ఇంటి మాటే. సంఘం సొంత పొదుపు నుంచి ఇచ్చే అప్పు మామూలుగా నూటికి రూపాయి వడ్డీ దగ్గర ఉంటుంది, సభ్యులు మంచి చెడూ తెలిసినవారు కాబట్టి ఒక వాయిదాకు గడువు కూడా ఇస్తారు. ఇంతకంటే పెద్ద మొత్తం కావాలంటే సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి, సంఘం పేరున బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు ఉన్నాయి. దీని బరువు వేరే రకంగా ఉంటుంది. ఒకరు కట్టకపోతే పదిమందీ జవాబుదారులు కావడం వల్ల, విధవరాలైన సభ్యురాలి మీద పడే మాట, మంగళవారం మీటింగులో ఆమె తలదించుకుని కూర్చునే తీరు, ఏ కాగితంలోనూ రాయని వడ్డీ. అందుకని సంఘంలో తీసుకునే మొత్తం నెలకు కట్టగలిగినంతకు మించకూడదు. బీమా డబ్బు రాగానే మొదట తీర్చవలసినది గిరిగిరి, తరువాత ఆసామి అప్పు, చివరగా సంఘం. ఊళ్లో మాత్రం మొహమాటం చేత ఈ వరుస తలకిందులవుతుంది.

మంచాన పడితే

చనిపోక, జబ్బుపడి ఉంటే ఎంపిక ఆరోగ్యశ్రీకీ, ముఖ్యమంత్రి సహాయనిధికీ మధ్య. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట ప్రయోగించిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి పది లక్షల దాకా వర్తిస్తుంది. ఆసుపత్రిలో చేరేటప్పుడే ఆరోగ్యమిత్ర దగ్గర నమోదు చేయించాలి, చేతి నుంచి డబ్బు పడదు. సహాయనిధి అందుకు విరుద్ధం. ముందు మీరే కట్టాలి, తరువాత అసలు బిల్లులతో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పెట్టుకోవాలి, వచ్చేది బిల్లులో కొంత భాగమే. హైదరాబాదు నిమ్స్ వంటి చోట్ల చికిత్సకు ముందే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న హామీ లేఖ, తీసుకునే వీలుంది, అది మేలు. డిశ్చార్జి రోజున ఆసుపత్రిలో అడిగి తీసుకోని అసలు బిల్లు తరువాత దొరకడం కష్టం.

ఇంట్లోనే కీడు ఉంటే

భర్త పోయాక అత్తింటివారు కోడలిని వెళ్లగొట్టడం, భర్త ఉండీ కొట్టడం, ఈ రెండింటికీ మన ఊళ్లలో మొదటి దారి పెద్దమనుషుల పంచాయితీ. చిన్న తగవుకు అది చాలు, ఖర్చూ తక్కువ, తెలిసిన మనుషులు. కానీ దెబ్బలు, భూమి ఉన్నచోట నేను దానిని నమ్మను; ఇరువైపులా డిపాజిట్లు కట్టించుకుని చేసే తీర్మానం చివరకు బలమున్నవారి వైపే ఒరుగుతుంది. భర్త స్వార్జిత ఆస్తిలో వీలునామా లేకపోతే భార్యకూ పిల్లలకూ తల్లికీ సమాన వాటా ఉందని 1956 హిందూ వారసత్వ చట్టం చెబుతుంది. ఆ మాట పంచాయితీలో వినిపించదు.

సఖి కేంద్రం, పోలీసు స్టేషను, న్యాయసేవాధికార సంస్థ మూడూ వేర్వేరు పనులు చేస్తాయి. ఈ రాత్రికి తలదాచుకోవాలంటే 181కి ఫోను చేసి సఖికి పోవాలి. ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం ఒకేచోట చూస్తారు. ప్రాణభయం ఉంటే 112. ఇంట్లో ఉండే హక్కు, భరణం కావాలంటే 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర పిటిషను వేయాలి. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది, ఫోను 15100. కేసు పెడితే కాపురం పోతుందన్న భయంతో సఖికి కూడా పోనివారున్నారు. సఖికి పోయినంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు.

కొడుకులు అన్నం పెట్టని ముసలివారికి సివిల్ కోర్టు కంటే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునలే మేలు. 2007 చట్టం ప్రకారం న్యాయవాది లేకుండానే అర్జీ ఇవ్వవచ్చు, మూడు నెలల్లో తేల్చాలి, నెలకు పదివేల దాకా భరణం వేయవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన భూమిని, చూసుకోకపోతే తిరిగి రాబట్టే వీలూ అందులో ఉంది. కొడుకు పేరున గిఫ్టు డీడు రాసేటప్పుడే ఆ షరతును దస్తావేజులో రాయించాలి, నోటిమాట ట్రిబ్యునల్లో నిలవడం కష్టం. వృద్ధాశ్రమం మనిషిని కాపాడుతుంది కానీ కొడుకు బాధ్యతను రద్దు చేసి పెడుతుంది. అర్జీ వేయడానికి మనసొప్పకపోతే ముందు వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోను చేసి మాట్లాడించవచ్చు. చాలామంది కొడుకులు అక్కడికే దారికి వస్తారు.

ఎవరి ద్వారా పోవాలి

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెంచు కుటుంబాలకు మన్ననూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది, వారు తహసీల్దారు చుట్టూ తిరిగే ముందు అక్కడ చెప్పుకోవడం మంచిది. మిగతావారికి సొంతంగా పోవడం, పైరవీకారుని పట్టుకోవడం, ప్రజావాణిలో అర్జీ ఇవ్వడం అనే మూడు దారులున్నాయి. పైరవీకారుడు పనిని త్వరగా చేయించవచ్చు, కానీ బీమా డబ్బులో వాటా అడుగుతాడు, అంతకంటే ముఖ్యంగా అసలు కాగితాలు తన దగ్గర పెట్టుకుంటాడు. ఆ తరువాత మీరు అతని చేతిలో ఉన్నట్టే. జిరాక్సులు తప్ప అసళ్లు ఎవరికీ ఇవ్వవద్దు. ఆఫీసులో నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి పోవాలి. ఒక్క అర్జీలో పింఛను, ఇల్లు, భూమి తగవు అన్నీ కలిపి రాస్తే అది ఏ శాఖకూ చెందదు; ఒక్కో విషయానికి ఒక్కో కాగితం రాసి, దాని మీద ముందు ఇచ్చిన దరఖాస్తు తేదీ, మీసేవ నంబరు వేసి, ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకుని, ఆ రసీదులను మరణ ధ్రువపత్రం ఉన్న సంచిలోనే పెట్టుకోవాలి.